వీపు మీద వేలు

ఆ ఇంట్లో ముందుగది పూర్తిగా గదీ కాదు, పూర్తిగా వర్క్‌షాపూ కాదు. ఒక గోడకి స్పానర్లు సైజుల వారీగా వేలాడుతుంటాయి, ఎదుటి గోడకి పిల్ల గౌన్లు. మధ్యలో స్టాండు వేసిన మోటార్‌సైకిల్. ఇంటికొచ్చినవాళ్ళు ఒళ్ళు దగ్గరపెట్టుకుని దాన్ని చుట్టి వెళ్ళాల్సిందే గానీ, అది మాత్రం ఎవరికీ దారివ్వదు. బతికున్నన్నాళ్ళూ దాని యజమాని కూడా అంతే అనుకోండి.

వీధి వీధంతా ఆయన్ని చెవిటి మేస్త్రి అనేది. కుర్రతనంలో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ సుత్తి మోతకి రెండు చెవులూ పోగొట్టుకుని, ఇంటిపట్టున మోటార్‌సైకిళ్ళు బాగుచేసుకుంటూ బతికాడు. చెవుడున్న మెకానిక్కేమిటని మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత బళ్ళు తోసుకుంటూ వచ్చారు. ఇంజన్ మీద అరచెయ్యి ఆనించాడంటే రోగం తెలిసిపోయేది. "ఇంజన్ చెప్పింది మా ఆయనకి పొల్లుపోకుండా అర్థమవుతుంది. పెళ్ళాం చెప్పిందే చెవిన పడదు" అనేది ఆవిడ. ఆయన పెదాల కదలిక చూసి ఆ మాట పట్టేసి, "పడకే కాపురం ఇంత సాఫీగా సాగుతోంది" అనేవాడు.

ఇప్పుడు ఆ మాట అనడానికి ఆయన లేడు. వానలు పడకముందే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. బండి మిగిలింది. కొన్నాళ్ళు బుద్ధిగా ఉండి, తర్వాత రాత్రీ పగలూ లేకుండా కార్బురేటర్ కింది నుంచి పెట్రోలు కారడం మొదలుపెట్టింది. టప్... టప్... నేల మీద అరచేతి వెడల్పు మరక, ఇల్లంతా వాసన.

ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆవిడకి ఆ వాసనే బతుకు. వంటింట్లో నిలబడి ఉండగా అది గుప్పున వస్తే, ఆయన చేతులు కడుక్కోకుండా వచ్చి వెనక నిలబడ్డట్టే ఉండేది. అందుకే అన్నీ తెలిసీ కారనిచ్చింది.

బావగారికి అది నచ్చలేదు. ఆయన మేస్త్రికి సొంత అన్న, బస్సు డ్రైవరు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి డ్యూటీ దిగి ఇంటికెళ్ళే ముందు ఒకసారి ఈ గడప తొక్కి వెళ్తాడు. ఆ సాయంత్రం గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి నిలబడిపోయాడు.

"అమ్మాయ్, ఈ గోడకి ఇటు బండి, అటు పొయ్యి. మధ్యలో పసిది పడుకుంటోంది. నీకు భయమెయ్యట్లేదా?"

"ట్యాపు కట్టేశాను బావగారూ."

"కట్టేస్తే కారుతోందేం మరి? ట్యాపూ అరిగింది, లోపలా అరిగింది. రేపు పొద్దున ట్రాలీ తెస్తాను. పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం. వాడి గుర్తులు ఇంట్లో ఇంకా బోలెడున్నాయి."

"ఏవీ?" అంది ఆవిడ.

ఆయన గోడమీది స్పానర్లని చూశాడు. మేకుకి వేలాడుతున్న నూనె మరకల చొక్కాని చూశాడు. దాన్ని ఆవిడ అప్పటికే ఎన్నిసార్లు ఉతికిందో, అందులో తమ్ముడి జాడ ఏపాటి మిగిలిందో ఆయనకీ తెలుసు.

"ఒక్కరోజు ఆగండి. కారడం నేను ఆపేస్తాను. ఆపలేకపోతే మీ ఇష్టం."

"నువ్వా?"

"ఆయన వెనక కూర్చుని ఎన్ని విప్పి బిగించామో మీరు చూడందా?"

పెద్దాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. పిచ్చుకని ఇవాళ మా ఇంటికి తీసుకుపోతాను. పెట్రోలు ఒలికే చోట పిల్ల వద్దు. పొద్దున్నే వచ్చి బండి కింద పేపరు పరుస్తాను. చుక్క కనబడిందో, ఇంక నన్ను బతిమాలకు."

పిచ్చుక అంటే ఆవిడ కూతురు. కూర్చున్నచోట ఒక్క క్షణం కుదురుగా ఉండదని తండ్రి పెట్టిన పేరు. పెదనాన్న చెయ్యి పట్టుకుని గెంతుకుంటూ వెళ్ళింది. వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో వాన అందుకుంది. ఆ వెంటనే కరెంటు పోయింది.

కొవ్వొత్తి వెలిగించే పని కాదు. ఆవిడ బ్యాటరీ లైటు తెచ్చి హ్యాండిల్‌కి కట్టింది. పెరటి తలుపు బార్లా తీసింది. ట్యాంకులో ఉన్న పెట్రోలంతా డబ్బాలోకి వంపి, మూత బిగించి, పెరట్లో చూరు కింద పెట్టి వచ్చింది. తర్వాత కార్బురేటర్‌ని ఊడదీసి పళ్ళెంలో పెట్టుకుని పీట మీద కూర్చుంది.

కార్బురేటర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మేడమీది నీళ్ళ ట్యాంకులో బంతి తేలి నీళ్ళని ఆపినట్టే, దీని గిన్నెలోనూ ఒక ఫ్లోటు ఉంటుంది. పెట్రోలు నిండేకొద్దీ అది పైకి తేలి, ఒక చిన్న సూదిని కన్నంలోకి నెడుతుంది. సూది సరిగ్గా కూర్చుంటే పెట్రోలు ఆగుతుంది. కూర్చోకపోతే పొంగి కిందికి కారుతుంది. కూర్చుందో లేదో తెలియాలంటే కార్బురేటర్‌ని తలకిందులు చెయ్యాలి. ఫ్లోటు బరువుకి సూది దిగబడుతుంది. అప్పుడు పెట్రోలు పైపు నోట్లో పెట్టుకుని ఊదాలి. గాలి వెళ్ళకూడదు. సన్నగా 'సుయ్' మన్నా సరే, కారుతున్నట్టే లెక్క.

ఆ 'సుయ్' మేస్త్రికి వినపడదు కదా. అందుకని మొగుడూ పెళ్ళాలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆయన ముందు పీట మీద కళ్ళు మూసుకుని పైపు ఊదుతాడు. ఆవిడ వెనక కూర్చుని, కార్బురేటర్‌ని చెవి దగ్గర తలకిందులుగా పట్టుకుని వింటుంది. విని, ఆయన వీపు మీద చూపుడువేలితో తడుతుంది. ఒకసారి తడితే ఆగింది. రెండుసార్లు తడితే ఆగలేదు. అంతే భాష. పెళ్ళయిన కొత్తలో సిగ్గుతో మొదలైన ఆ వేలు తర్వాత తర్వాత ఎన్ని పనులకి వాడారో వాళ్ళకే తెలియాలి. పాలు పొంగడం ఆగిందా, పిల్ల ఏడుపు ఆగిందా, వాన ఆగిందా... అన్నిటికీ ఆ వీపే పలక.

ఆస్పత్రిలో కూడా అదే. మొహానికి మాస్కు, దాని పైపు, మాటలేని కళ్ళు. దగ్గు తెర వచ్చి పోయినప్పుడల్లా ఆయన కళ్ళతో అడిగేవాడు, ఆవిడ వీపు తట్టి చెప్పేది. చివరి రోజున ఆయన ఎముకలగూడు ఆవిడ చేతిలో ఎగసి, ఎగసి, ఇక ఎగయలేదు. డాక్టరు ఏదో అన్నాడు. ఆవిడ ఆయన రొమ్ముకి చెవి ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత వీపు కింద చెయ్యి పెట్టి ఒక్కసారి తట్టింది. ఆయనకి ఆవిడ చెప్పిన ఆఖరి మాట అదే. ఆ వేలు నరుక్కోవాలనిపించింది చాలా రోజులు.

సరే. ఆవిడ గిన్నె మరలు విప్పింది. సూదిని లైటు కింద తిప్పి చూసింది. కొసన రబ్బరు చుట్టూ సన్నటి గీత పడి ఉంది. అయినా ఆయన నేర్పిన వరస తప్పకూడదని, ముందు పాత సూదితోనే పరీక్ష పెట్టింది. ఎడమచేత్తో కార్బురేటర్‌ని చెవి దగ్గర బోర్లించి పట్టుకుంది. పొడుగాటి పైపు నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని ఊదింది.

సుయ్...

వీపు మీద వేలు రెండుసార్లు తట్టింది.

"ఆఁ, తెలుస్తూనే ఉంది" అని గొణుక్కుంటూ కొత్త సూది ఉన్న డబ్బా కోసం చెయ్యి చాపింది.

చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వాన చూరు మీద పడుతోంది. పెరటి తలుపు గాలికి కిర్రుమంటోంది. పెట్రోలు వాసనలో ఇంకేదో వాసన కలిసింది... ఆస్పత్రి వార్డు కడిగే మందు వాసన. లైటు వెలుగు ఎదుటి గోడ మీద ఆవిడ నీడని పెద్దది చేసి చూపిస్తోంది. నీడ ఒక్కటే. ఆవిడది.

ఆవిడ వెనక్కి తిరగలేదు. భయపడి తిరగలేదని చెబితే అబద్ధమవుతుంది. తిరిగితే ఎవరూ ఉండరేమోనని తిరగలేదు.

"ఏమండీ..." అంది గుసగుసగా.

జవాబు లేదు. ఎలా వస్తుంది? చెవిటివాడికి గుసగుసలేమిటి! ఆ ఆలోచనకి ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఏడుపైంది. కొత్త సూది తీసి బిగించింది. చేతికి పని మరుపు రాలేదు. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ ఊదింది.

గాలి కదల్లేదు. బుగ్గలు ఉబ్బిపోయాయి గానీ రవంతయినా లోపలికి వెళ్ళలేదు. చప్పుడు లేదు. సూది చక్కగా కూర్చుంది. కారడం ఆగింది. బండి ఇంట్లోనే ఉంటుంది.

వీపు మీద వేలు.

రెండుసార్లు.

ఆవిడ మళ్ళీ ఊదింది. చెవి రిక్కించి విన్నది. నిశ్శబ్దం. వేలు మళ్ళీ రెండుసార్లు తట్టింది. ఈసారి కాస్త గట్టిగా. మొండిపిల్లాడు ఒకే మాట పట్టుకుని వాదించినట్టు.

ఆగలేదు.

"ఆగిందండీ... చూడండి, ఆగింది..."

ఆగలేదు.

అప్పుడు అర్థమైంది ఆవిడకి. ఆయన సూది సంగతి చెప్పడం లేదు. ఆస్పత్రి మంచం మీద తను ఒకసారి తట్టి చెప్పిన మాటకి ఇన్నాళ్ళకి జవాబిస్తున్నాడు. నువ్వు తప్పు విన్నావోయ్, ఇంకా ఆగలేదు అంటున్నాడు. ఆవిడ గుండె చెరువైపోయింది. తప్పే విన్నానేమో, ఇంకొంచెంసేపు వినాల్సిందేమో అని తల్లడిల్లింది. పైపు ఇంకా నోట్లోనే ఉంది. ఊదడం మాత్రం ఎప్పుడో మానేసింది.

అయినా పైపులో గాలి కదులుతోంది.

ఇటునుంచి అటు. ఆవిడ ఊదకుండానే. ఎవరో అవతల కొసన నోరు పెట్టి, ఆవిడ నోట్లోని ఊపిరిని మెల్లగా లాగుతున్నారు. ఒక గుక్క. ఆగి, ఇంకో గుక్క. మాస్కులో ఆయన తీసిన ఊపిరి లాంటిదే. ఆ ఎగశ్వాస, ఆ తడబాటు, ఆ చివర్న సన్నటి గురక... అన్నీ ఆయనవే.

ఆవిడ పైపు వదల్లేదు. ఆస్పత్రి వరండాలో ఎన్నిసార్లు మొక్కుకుంది, నా ఊపిరి తీసి ఆయనకివ్వమని! ఇప్పుడు అడగకుండానే తీసుకుంటుంటే వద్దనడానికి మనసెలా వస్తుంది? "తీసుకోండి" అనుకుంది. వీపుకి బరువు ఆనింది. చల్లగా, తడిగా... మనిషి బరువు. గుక్క. ఇంకో గుక్క. లైటు చుట్టూ నల్లటి వలయాలు తిరిగాయి. చెవుల్లో వాన చప్పుడు దూరమైంది. చేతులు తేలిపోతున్నాయి. పళ్ళెం ఎక్కడో జారి పడింది. హాయిగా ఉంది. చాలా హాయిగా...

పొద్దున్నే పిచ్చుక వస్తుంది.

ఆ ఒక్క ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో గానీ సూదిలా దిగింది. పెదనాన్న కంటే ముందు గుమ్మం దాటి గెంతుకుంటూ వస్తుంది. వచ్చి అమ్మని లేపుతుంది.

నోట్లోంచి పైపు లాగబోయింది. రాలేదు. అటునుంచి లాగుతున్న బలం దాన్ని పెదాలకి అతికించేసింది. అరవడానికి ఊపిరి లేదు. ఉన్నా ఆయనకి వినపడదు. ఆయనకి చెప్పడానికి ఈ లోకంలో ఒక్కటే దారి.

కుడిచెయ్యి మెల్లగా వెనక్కి పోనిచ్చింది. వేళ్ళకి గుడ్డ తగిలింది. గుడ్డ కింద ఎముకలు. ఆయన కూడా ఆవిడకి వీపానించి కూర్చుని ఉన్నాడు. భుజం ఎముక పక్కన ఆ పల్లం, వేలు ఎప్పుడూ ఆనే చోటు, వెతుక్కోకుండానే దొరికింది. ఒక మనిషికి ఆ మాట ఒకసారి చెప్పడమే నరకం. రెండోసారి చెప్పాల్సి వస్తే ఏ వేలు లేస్తుంది?

లేచింది.

ఒకసారి తట్టింది.

గుక్క ఆగింది. వీపు బిగుసుకుంది. ఎంతోసేపు అలాగే ఉంది, నమ్మనట్టు. ఆవిడ వేలు తియ్యకుండా, రెండోసారి తట్టకుండా, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఆ రెండోది తట్టకుండా ఉండడానికి పట్టిన బలం బతుకులో ఇంక దేనికీ పట్టలేదు. చివరికి వేలి కింద ఎముకలు మెల్లగా కుంగాయి. పైపు నోట్లోంచి జారి ఒళ్ళో పడింది. చెయ్యి గాలిలో ఉండిపోయింది.

తర్వాత ఆవిడ ఎంత ఏడ్చిందో చెప్పడం అనవసరం. ఏడ్చి లేచి, కార్బురేటర్‌ని బండికి బిగించి, ట్యాంకులో పెట్రోలు పోసి, ట్యాపు తిప్పింది. కింద చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది.

పొద్దున బావగారు అన్నంత పనీ చేశాడు. పేపరు పరిచి, టీ తాగుతూ దాని ఎదురుగా కాపలా కూర్చున్నాడు. చుక్క పడలేదు. వేలితో గిన్నె అడుగు తడిమి చూసుకుని, "వాడి చెయ్యి నీకొచ్చిందమ్మా. ఉండనీ బండి" అన్నాడు. అంటూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. డ్యూటీకి పోతూ పిచ్చుకని బడిలో దింపడానికి వెంట తీసుకెళ్ళాడు.

ఆవిడ గెలిచింది. గెలిచి ఇల్లు ఊడ్చుకుంది. వంట చేసుకుంది. మధ్యాహ్నానికి ముందుగదిలోకి వచ్చి నిలబడి ఊపిరి పీల్చింది. ఏమీ లేదు. సబ్బు వాసన, ఎండిన నేల వాసన. ఎవరింట్లోనైనా ఉండే వాసన. పదిలంగా దక్కించుకున్న బండి పక్కన నిలబడితే, అది ఇనుము.

రెండుసార్లు చంపానే ఆయన్ని, అనుకుంది. మొదటిసారి దేవుడు చంపితే నేను చెప్పాను. రెండోసారి నేనే. పిల్ల కోసమే కదా అని ఎంత సర్దిచెప్పుకున్నా గుండె ఆ మాట వినలేదు. వాసన ఒక్కటి ఉంటే చాలు, మనిషి రాకపోయినా ఫర్వాలేదు అనుకుంది. అలా అనుకుంటున్నప్పుడు అందులో ఎంత నిజముందో ఆవిడకే తెలియదు.

స్క్రూడ్రైవర్ తీసుకుంది. గిన్నె అడుగున ఉండే మరని తన చేత్తోనే అర చుట్టు వదులు చేసింది.

టప్.

టప్.

వాసన లేచింది. ఆవిడ ఒక పీట ఖాళీగా వెనక వేసి, బండికి వీపు పెట్టి ఇంకో పీట మీద కూర్చుంది. బయట ఎండ కాస్తోంది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఎదురింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. భయపడడానికి అక్కడ ఏమీ లేదు. ఆవిడ కళ్ళు మూసుకుంది.

చాలాసేపటికి వెనక పీట కదిలింది.

వీపు మీద వేలు ఆనింది. ఒకసారి తట్టింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. రెండోసారి తట్టింది. ఆగలేదు! ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. "నాకు తెలుసు, నాకు తెలుసండీ" అంటూ చెయ్యి వెనక్కి చాపబోయింది.

మూడోసారి తట్టింది.

చాపబోయిన చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. ఒకటంటే ఆగింది, రెండంటే ఆగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన వీపు మీద ఆవిడ మూడుసార్లు ఎప్పుడూ తట్టలేదు. మూడంటే ఏమిటో వాళ్ళిద్దరూ అనుకోనే లేదు.